బండి మన చేతుల్లో – 4వ పాఠం: నిలబెట్టిన బండి ఎందుకు కదలదు?

పోయిన పాఠంలో ప్లగ్గు విప్పి శుభ్రం చేసుకున్నాం. ఈసారి పని చక్రాల దగ్గర.

మా పాలమూరు వైపు ముంబై, పుణె పనులకు పోయి నెలల తరబడి ఇంటికి రానివాళ్లు చాలామంది. మక్తల్‌లో మా పక్కింటి అన్న జూన్‌లో బండిని చెట్టు కింద నిలబెట్టి పోయాడు. దసరాకు వచ్చి తోస్తే కదల్లేదు. ఇద్దరం బలంగా తోశాం. వెనుక చక్రం తిరక్కుండానే మట్టిలో గీత గీసుకుంటూ జరిగింది. అట్లా ఈడ్వడం తప్పు. ఏ చక్రం పట్టేసిందో ముందు చూడాలి.

మొదట గేరు. ఇన్నాళ్లు నిలబడితే బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, న్యూట్రల్ పచ్చ లైటు వెలగదు. కాబట్టి బండిని కొంచెం ముందుకూ వెనక్కూ ఊపుతూ గేరు మార్చి చూడండి. గేరులో ఉంటే క్లచ్ పట్టుకున్నా లాభం ఉండకపోవచ్చు, లోపల ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. న్యూట్రల్‌లో కూడా కదలకపోతే ఇంజన్‌ను అనుమానించే పని దాదాపు లేనట్టే.

తర్వాత గాలి. వాడకపోయినా టైరులో గాలి నెలనెలా కొంత తగ్గుతుంది. చాలా 100 సీసీ బండ్లకు ముందు 25, వెనుక 28 పాయింట్ల చుట్టుపక్కల ఉండాలి. మీ బండి లెక్క చైన్ కవర్ దగ్గరి స్టిక్కర్ మీద చూసుకోండి.

ఇప్పుడు డబుల్ స్టాండ్ వేసి వెనుక చక్రం చేత్తో తిప్పండి. తిరక్కపోతే ఎక్కువసార్లు కారణం డ్రమ్ బ్రేకే. చక్రం నడుమ ఉండే గుండ్రని డబ్బానే డ్రమ్. వాన తేమకు దాని లోపల జంగు పట్టి, బ్రేక్ షూ, అంటే లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే వంపు ముక్క, దానికి అతుక్కుంటుంది. లేదా షూను తెరిచే క్యామ్‌లో గ్రీజు ఎండిపోయి, తొక్కిన పెడల్ వెనక్కి రాదు. బ్రేక్ రాడ్ చివరి నట్టు వదులు చేయండి. డ్రమ్‌కు మూతలా ఉండే బ్రేక్ ప్లేటు మీద కర్రముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టి, మళ్లీ తిప్పండి. ఊడకపోతే చక్రం విప్పాల్సిందే.

లోపలి దుమ్మును నోటితో ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి. గ్రీజు క్యామ్‌కు పలుచగా రాయాలి. షూకు చుక్క నూనె తగిలినా బ్రేకు పడదు. ఈ ఒక్క విషయంలో తొందర వద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ముందు డిస్క్ బ్రేకు పట్టేస్తే, ఎక్కువసార్లు కాలిపర్ పిస్టన్ (డిస్క్‌ను పట్టి ఆపే ప్యాడ్లను నెట్టే భాగం) ఇరుక్కుని ఉంటుంది. అది మెకానిక్ దగ్గరే చేయించండి.

పక్కింటి అన్న బండికి క్యామ్ ఎండిపోయింది. సాయంత్రానికి ఒక చేత్తో తోసుకుపోయాడు. కానీ చైన్ కిర్రుమంటోంది. 5వ పాఠం దానిమీదే. పాత టూత్ బ్రష్షు, కాస్త డీజిల్ సిద్ధం చేసుకోండి.