రాగితో దుర్గం ఎక్కేటప్పుడు

మా ఉదయగిరి దుర్గం సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. కుట్టుమిషను ముందు కూర్చుని తల ఎత్తితే గుమ్మంలోంచి నాకు కనిపించేది ఆ కొండే. రాగిని వెంటబెట్టుకుని దాన్ని ఎక్కడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. రాగి మా కుక్క. ఊరకుక్క పిల్లే, పేరు ఒంటి రంగును బట్టి పెట్టాం, ఇప్పుడు 16 కిలోలుంటుంది. ఈమధ్య నెల్లూరు నుంచీ ఆత్మకూరు నుంచీ పిల్లలు కుక్కల్ని కొండకు తీసుకొస్తున్నారు. రాగి ఒంటిమీద బెల్టు చూసి, అట్టాంటిదే కుట్టమని నా దగ్గరికి వస్తారు. కొలతలు తీసుకుంటూ వాళ్ళకు చెప్పే మాటలే ఇవి.

అన్నిటికంటే ముందు చెప్పేది ఒకటుంది. కుక్క తనంతట తాను ఆగదు. మనం నడుస్తున్నంతసేపూ అది నడుస్తుంది, ఒంట్లో సత్తువ అయిపోయాక కూడా నడుస్తుంది. ఇది నాకు మూడేళ్ళ కిందట మార్చి మొదటి వారంలో తెలిసింది. ఎండలు ఇంకా ముదరలేదులే అనుకుని పొద్దున ఎనిమిదికి బయల్దేరాను. సగం ఎక్కేసరికి పది దాటింది. అప్పటిదాకా నా ముందే తోక ఊపుకుంటూ నడిచిన రాగికి ఒక మలుపులో కాళ్ళు తడబడ్డాయి. పక్కకు ఒరిగి బండ మీద కూలబడింది. నాలుక వెడల్పుగా సాగి పక్కకు వేలాడుతోంది, నోటి చుట్టూ చిక్కటి చొంగ. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి.

మిగిలిన నీళ్ళు దాని మీద పోసి, నా చున్నీ తడిపి ఒళ్ళంతా కప్పాను. ఆ పక్కనే మేకలు కాసే పెద్దాయన వచ్చి ముందు ఆ చున్నీ తీసేశాడు. నీడకు మోసి, తన దగ్గరున్న నీళ్ళు పొట్ట కింద, చంకల్లో, అరికాళ్ళకు కొద్దికొద్దిగా పోస్తూ తువ్వాలుతో విసిరాడు. పావుగంటకు తల ఎత్తింది. "కుక్కని అడగబాకమ్మా, అది చెప్పదు. దాని నాలిక చూడు. నాలిక పక్కకి జారిందంటే నువ్వు కూర్చోవాల" అన్నాడు. ఇద్దరం మార్చి మార్చి మోసుకుంటూ దించాం.

ఆ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు విడమర్చి చెప్పారు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, అరికాళ్ళ మెత్తల్లో కాస్త పడుతుందంతే. ఒంటి వేడి ఎక్కువగా నోటితో రొప్పడం వల్లనే బయటికి పోవాలి. మామూలుగా దాని వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. తడిగుడ్డ కప్పి అట్టే వదిలేస్తే కాసేపటికి ఆ గుడ్డే వేడెక్కి కంబళి అవుతుంది. అందుకే పెద్దాయన తీసేశాడన్నమాట. మామూలు నీళ్ళు పోస్తూ, గాలి తగలనివ్వాలి. లేచి నడిచింది కదా అని ఇంటికి తీసుకుపోబాకండి, మూత్రపిండాలకు తగిలిన దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు.

ఆనాటి నుంచి నా లెక్క మారింది. మన నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు బండలు నాచు పట్టి జారతాయి. డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా కొండకు మంచి రోజులు. తెల్లారి ఐదున్నరకు కింద మొదటి అడుగు పడాలి. తొమ్మిది అయ్యేసరికి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి, పైన మసీదు కనిపిస్తున్నా సరే. అరచేతి వెనకవైపు బండ మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. ఓర్చుకోలేకపోతే ఆ బండ మీద కుక్క అరికాళ్ళు కాలుతున్నట్టే.

వెనక్కి తిరగడానికి చాలామందికి మనసు ఒప్పదు. శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని సుమారు ఏడాదిన్నర ముట్టడించి, 1514లో గజపతుల చేతుల్లోంచి తీసుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. అంత దండు అన్నాళ్ళు కాచుకున్న కొండ ఇది, వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఉంటుంది.

ఏ కుక్కను తీసుకెళ్ళాలన్నది కూడా చూడాలి. ఏడాది నిండని పిల్ల ఎముకలు ఇంకా ముదరవు, దానికి ఊరి చుట్టూ నడక చాలు. పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలు సరిగ్గా రొప్పలేవు, వాటిని మన ఎండల్లో కొండ ఎక్కించబాకండి. ఒళ్ళు చేసిన లాబ్రడార్ అయితే ముందు రెండు నెలలు చెరువుకట్ట మీద నడిపించి బరువు తగ్గించండి. మన ఊరకుక్కలే కొండకు సరిగ్గా సరిపోతాయి. పొట్టి బొచ్చు, పొడవాటి ముక్కు, బిగువైన కాళ్ళు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. లెప్టోస్పైరోసిస్‌కు పనికొచ్చే టీకా కూడా అడిగి వేయించండి. ఎందుకంటే కొండ మీద పాత కోనేళ్ళలో, గుంటల్లో నిలవ నీళ్ళుంటాయి. ఎలుకలు, పశువులు ఉచ్చపోసిన నీళ్ళతో వచ్చే జబ్బు అది, మనుషులకూ అంటుకుంటుంది. ఆ నీళ్ళు రాగిని తాగనివ్వను.

కాబట్టి నీళ్ళు మనమే మోయాలి. దాని ఒక్కదానికే రెండు లీటర్లు తీసుకెళతాను, నావి వేరే. ఇరవై నిమిషాలకోసారి ఆగి, మడత పెట్టే రబ్బరు గిన్నెలో నాలుగు గుక్కలు పోస్తాను. ఒక్కసారే దండిగా తాపితే కక్కేస్తుంది, కడుపు ఉబ్బరిస్తుంది. అన్నం బయల్దేరడానికి మూడు గంటల ముందే పెట్టేయాలి. అంత తెల్లారుజామున ఎట్టా కుదురుతుందంటే, ముందు రోజు రాత్రి కాస్త ఎక్కువ పెట్టి, పొద్దున ఖాళీ కడుపుతో తీసుకెళ్ళి, మధ్యలో ఉడికించిన గుడ్డు ముక్కలు రెండు మూడు తినిపిస్తాను. తిరిగొచ్చి సేదతీరాక తాలింపు లేని పెరుగన్నం. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. మన టిఫిను డబ్బాలోంచి ముద్ద పెట్టే అలవాటున్నవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇక బెల్టు. ఇది నా పని కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మెడపట్టీకి తాడు కట్టి కొండ దిగబాకండి. దిగేటప్పుడు కుక్క కాలు జారితే బరువంతా మెడ మీద పడుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే బాడీ బెల్టు కావాలి. ముందు కాళ్ళ వెనక, పక్కటెముకల మీదుగా టేపు చుట్టి కొలవండి. రాగికి అది 24 అంగుళాలు. బెల్టు పెట్టాక రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. అంతకంటే వదులైతే వెనక్కి లాక్కుని బయటపడుతుంది, బిగువైతే చంకలు ఒరుసుకుంటాయి. స్కూలు సంచులకు వాడే అంగుళంన్నర నైలాను నాడా తీసుకుని, చంకల కింద వచ్చే చోట మెత్తటి గుడ్డ లోపల పెట్టి కుడతాను. నాడా మీద నాడా పడిన ప్రతి చోటా నలుచదరంగా కుట్టు వేసి, దాని లోపల ఇంటూ గుర్తులాగా రెండు అడ్డకుట్లు వేయాలి. బరువు లాగినా అది విప్పుకోదు. నూలుదారం వద్దు, వానకు తడిసి నాని తెగుతుంది. నైలాను దారమే.

వీపు మీద ఒక పిడి కుట్టించుకోండి. షాపుల్లో దొరికే బెల్టులు చాలావాటికి అది ఉండదు. నిలువు బండ దగ్గర కుక్క ముందు కాళ్ళు పైన ఆనించి ఆగిపోతుంది చూడండి, అప్పుడు పిడి పట్టి ఒక్క ఎత్తు ఎత్తితే చాలు. ఆ మార్చిలో దానికి పిడి ఉండి ఉంటే రాగిని దించడం మాకు ఎంతో సులువయ్యేది. ఆ వారమే కూర్చుని కుట్టాను.

తాడు ఆరడుగులు, చేతిలోనే ఉండాలి. నడుముకు కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయని కొందరంటారు. దుర్గానికి ఒకవైపు నిలువు చరియ. కోతిని చూసి కుక్క ఎగిరితే నడుముకున్న తాడు మనల్నీ లాగేస్తుంది. అంచు వెంట నడిచేటప్పుడు కుక్కను కొండవైపు ఉంచుకుని మనం లోయవైపు నడవాలి. పైన ఎంత ఖాళీగా కనిపించినా తాడు విప్పబాకండి. మేకలమందలున్నాయి, మందకు కాపలా కుక్కలున్నాయి. కొత్త కుక్క వస్తే అవి ఊరుకోవు. మంద కనిపించగానే పక్కకు తప్పుకుని, కాపరిని కేకేసి అడిగి, ఆయన పిలిచాకే కదలండి. తేనెపట్టున్న చరియ కింద అసలు నిలబడొద్దు.

పాదాలకు జీన్సు గుడ్డతో తొడుగులు కుట్టి చూశాను. బండ మీద జారాయి. గోళ్ళు నేలను పట్టాలి, వాటిని మూసేస్తే కుక్కకు పట్టు పోతుంది. ఇప్పుడు తొడుగులు లేవు. ఆగిన ప్రతిచోటా నాలుగు పాదాలూ తిప్పి వేళ్ళ సందుల్లో చూస్తాను. పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముళ్ళు అక్కడే దిగుతాయి. చిన్న పట్టకారు, దూది, అయోడిన్ మందు, చుట్టడానికి గుడ్డ, ఇవి నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. మన నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను చెడగొడతాయి.

పాముల భయం ఉన్నమాటే. రాళ్ళ సందుల్లో ముక్కు పెట్టడం కుక్క గుణం కాబట్టి కాటు ఎక్కువగా మూతి మీదో ముందు కాలి మీదో పడుతుంది. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏదీ చేయొద్దు. నడిపించకుండా మోసుకుని దించి, నేరుగా ఆసుపత్రికి. రక్తపింజర, నాగుపాము, కట్లపాము, చిన్నపింజర ఈ నాలుగింటికీ కలిపి చేసిన విరుగుడు మందునే కుక్కలకూ వాడతారు. కొండెక్కడానికి ముందు రోజే ఆ మందు దగ్గరలో ఎక్కడుందో ఫోను చేసి కనుక్కోండి. పశువుల అంబులెన్సు కోసం 1962 నంబరు కూడా ఫోనులో పెట్టుకోండి.

ఎక్కడికి తీసుకెళ్ళకూడదో కూడా చెప్పాలి. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. అక్కడి అడవిలోకి కుక్కను తీసుకుపోబాకండి. మన కుక్కలు మోసుకెళ్ళే డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవి జంతువులకు అంటుకుంటాయి. మన కుక్క అరుపుకు ఎలుగుబంటి ఎదురుతిరిగితే ఆ కుక్క పరిగెత్తుకొచ్చేది మన కాళ్ళ దగ్గరికే. భైరవకోనలో జలపాతం కింద భక్తులు స్నానాలు చేస్తారు, గుహల్లో దేవుళ్ళున్నారు, అది కుక్కను తిప్పే చోటు కాదు. నరసింహకొండకైనా అంతే. దుర్గానికి కూడా పండగ రోజుల్లో, జనం దండిగా వచ్చే రోజుల్లో నేను పోను. మసీదు దగ్గరికి చేరేముందే ఆగి, రాగిని చెట్టుకు కట్టి, ఇద్దరం ఉంటే ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి వస్తాం. దాని పెంట కాగితంతో ఎత్తి కవరులో కట్టి కిందికి తెస్తాను. మేకలు మేసే చోటు అది.

ఇంటికొచ్చాక పని అయిపోదు. కాళ్ళు కడిగి, నీడలో పడుకోబెట్టి, గోమార్లు వెతకాలి. చెవుల లోపల, చంకల్లో, వేళ్ళ సందుల్లో, తోక కింద. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని నిదానంగా నిట్టనిలువుగా లాగాలి. వేళ్ళతో నలపబాకండి, కిరసనాయిలు పోయబాకండి. గోమారి జ్వరం ఆ రోజే కనపడదు, ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుంది. అందుకని కొండకు పోయొచ్చిన తేదీ నేను క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటాను. ఆ మూడు వారాల్లో అన్నం మానేసినా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా డాక్టరుకు ఆ తేదీ చెప్పి రక్తపరీక్ష చేయించమని అడగాలి.

మర్నాడు నడక లేదు. రాగి నా మిషను కింద, తొక్కుడు పక్కన పడుకుంటుంది. మధ్యాహ్నం గిన్నె చప్పుడు చేస్తాను. ఆ చప్పుడుకు లేచి వచ్చిందంటే సరే, లేవకుండా కళ్ళు మాత్రమే తిప్పి చూసిందంటే కుట్టు ఎక్కడుంటే అక్కడ ఆపేసి ఆసుపత్రికి బయల్దేరతాను.