చెయ్యి లేవకముందే: కేర్ హోమ్‌లో పనిచేసేవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు

కేర్ హోమ్‌లో పనికి చేరిన కొత్తవాళ్ళకు ఒళ్ళు తుడవడం, డైపర్ మార్చడం, మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టడం నేర్పిస్తారు. ఆ పని మధ్యలో చెంప మీద దెబ్బ పడితే ఏం చేయాలో చాలాచోట్ల ఎవరూ చెప్పరు. "పెద్దవాళ్ళు కదా, సర్దుకుపోవాలి" అంటారు, అంతే. సర్దుకుపోతే మనకు దెబ్బలు తగ్గవు, వాళ్ళ బాధా తగ్గదు.

నేను చేరిన మొదటి ఏడాది ఒక పెద్దాయన రోజూ ఉదయం చొక్కా తొడిగేటప్పుడు గుద్దేవారు. మిగతా రోజంతా నెమ్మదిగానే ఉండేవారు. రిజిస్టర్‌లో "కోపిష్టి, ఇద్దరు వెళ్ళాలి" అని రాసి ఉండేది. ఇద్దరం వెళ్ళేవాళ్ళం. ఒకరు చేతులు పట్టుకుంటే ఆయన ఇంకా గట్టిగా తన్నుకునేవారు. ఒకరోజు ఒక సీనియర్ నర్సు పక్కన నిలబడి చూసి, "కుడి చెయ్యి వెనక్కి లాగినప్పుడే కొడుతున్నారు, గమనించావా?" అన్నారు. భుజం బిగుసుకుపోయి ఉంది. నొప్పి అని చెప్పే మాట ఆయనకు ఎప్పుడో పోయింది. ఆ రోజు నుంచి నొప్పి ఉన్న చేతికి ముందు చొక్కా తొడిగాం, విప్పేటప్పుడు ఆ చేతిని చివరికి ఉంచాం. డాక్టరు నొప్పికి మందు రాశారు. గుద్దడం పూర్తిగా ఆగలేదు గానీ చాలా తగ్గింది. అన్నాళ్ళు ఆయన్ని కోపిష్టి అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే మెదడు జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర పడే దెబ్బల్లో చాలా భాగం మన చేతులు వాళ్ళ ఒంటి మీద ఉన్నప్పుడే పడతాయి. ముక్కూమొహం తెలియని మనిషి గదిలోకి వచ్చి బట్టలు విప్పుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? అప్పుడు వాళ్ళకు మనం ఆ తెలియని మనుషులమే. అందుకే జాగ్రత్త అనేది ముట్టుకోకముందే మొదలవ్వాలి.

డ్యూటీ ఎక్కేటప్పుడు

షిఫ్ట్ మారేటప్పుడు ఎవరికి ఏ మందు ఇచ్చారన్నది ఒక్కటే వింటే చాలదు. రాత్రి నిద్ర పట్టిందా, విరేచనం అయి ఎన్ని రోజులైంది, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా, పడ్డారా, ఎవరితోనైనా గొడవ జరిగిందా అని అడగండి. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ విషయంలో మొదటి కొన్ని వారాలు మరీ జాగ్రత్త కావాలి. గది తెలియదు, దారి తెలియదు, ఇల్లు ఏమైందో తెలియదు. భయం కోపంగా బయటపడే రోజులవి.

జుట్టు ముడి వేసుకోండి. చెవులకు వేలాడేవి వద్దు. మెడలో గొలుసు బట్టల లోపలికి వేసుకుంటే సరిపోదు, తీసి పెట్టి రండి. ఐడీ కార్డు తాడు గట్టిగా లాగితే ఊడిపోయే రకం ఉండాలి, లేకపోతే కార్డు జేబుకు తగిలించుకోండి. గోళ్ళు పొట్టిగా ఉండాలి; అవి మనల్ని కాపాడటానికి కాదు, పలచబడిన వాళ్ళ చర్మం చీరుకోకుండా. చెప్పులు జారనివి, మడమకు పట్టీ ఉన్నవి వేసుకోండి. వెనక్కి ఒక్క అడుగు త్వరగా వేయాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పిలుపు సంగతి ఇంకొకటి. ఎనభై ఏళ్ళ మనిషి మనసులో తనకు నలభై ఏళ్ళే అయి ఉండవచ్చు. అలాంటాయన్ని "తాతగారూ" అంటే తనను ఎగతాళి చేస్తున్నారనుకుంటారు. జీవితంలో ఎక్కువ కాలం ఆయన్ని అందరూ ఏమని పిలిచారో ఇంటివాళ్ళను అడగండి. "మాస్టారూ" అని ఉండవచ్చు, "పెద్దమ్మా" అని ఉండవచ్చు, ఒట్టి పేరే కావచ్చు. ఆ ఒక్క పిలుపుతో తలుపు తెరుచుకున్న రోజులు నేను చూశాను.

దగ్గరకు వెళ్ళే తీరు

తలుపు తట్టి, గుమ్మం దగ్గరే ఆగి, పేరు పెట్టి పిలిచి, మీరెవరో చెప్పండి. డిమెన్షియా ముదిరేకొద్దీ పక్కలకు కనిపించే మేర తగ్గిపోతుంది. పక్కనుంచీ వెనకనుంచీ వచ్చే చెయ్యి వాళ్ళకు గాల్లోంచి ఊడిపడినట్టే ఉంటుంది. అందుకని వాళ్ళకు కనబడేలా ముందునుంచి, నిదానంగా వెళ్ళండి. దగ్గరకు చేరాక ఎదురుగా నిలబడకుండా కొద్దిగా పక్కకు తిరిగి, చేతికి అందనంత దూరంలో ఆగండి. కూర్చున్నవాళ్ళ కంటి ఎత్తుకు దిగడం మంచిదే. కానీ కాళ్ళకు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చోవద్దు, తన్నితే మొహానికి తగులుతుంది. తలుపుకు దారి మీకూ ఉండాలి, వాళ్ళకూ ఉండాలి. మూలకు చిక్కానని అనిపించినవాళ్ళు ఎవరైనా తిరగబడతారు.

కళ్ళజోడు పెట్టారా, హియరింగ్ ఎయిడ్ పనిచేస్తోందా చూడండి. వినపడక అరుస్తున్నవాళ్ళను మొండివాళ్ళు అనుకోవడం చాలా తేలిక. ఒకసారి ఒక్క మాటే చెప్పండి, చెప్పి మనసులో పది లెక్కపెట్టండి. మాట అర్థమై జవాబు రావడానికి వాళ్ళకు అంత సమయం పడుతుంది. మనం ఆ పది లోపల మూడు సార్లు మూడు రకాలుగా చెప్పేసి, గొంతు పెంచి, చెయ్యి పట్టుకుంటాం. చాలా గొడవలు అక్కడే పుడతాయి. ఇద్దరు వెళ్ళినప్పుడు ఒకరే మాట్లాడాలి. రెండోవాళ్ళు పని చూసుకోవాలి, వాళ్ళలో వాళ్ళు కబుర్లు చెప్పుకోకూడదు.

చెయ్యి పట్టుకోవలసి వస్తే పైనుంచి మణికట్టు బిగించకండి. మీ అరచేతిని వాళ్ళ అరచేతి కిందికి పోనిచ్చి, వాళ్ళ చెయ్యి మీ చేతి మీద ఉండేలా పట్టుకోండి. డిమెన్షియా సంరక్షణలో శిక్షణ ఇచ్చే అమెరికా థెరపిస్టు టీపా స్నో ఈ పద్ధతిని చాలామందికి నేర్పారు. పట్టు మీదే అయినా, నడిపిస్తున్నది తామేనని వాళ్ళకు అనిపిస్తుంది. పళ్ళు తోమించేటప్పుడు, స్పూను నోటిదాకా తీసుకెళ్ళేటప్పుడు దీన్ని వాడి చూడండి.

స్నానం

అన్ని పనుల్లోకీ ప్రమాదం ఎక్కువ ఉన్నది ఇదే. చలి, బట్టలు లేకపోవడం, నీళ్ళ శబ్దం, జారే నేల, మొహం మీద నీళ్ళు, ఒంటి మీద పరాయి చెయ్యి, అన్నీ ఒకేసారి.

ముందు గది వెచ్చగా ఉందో లేదో చూడండి. సబ్బు, టవళ్ళు, మార్చే బట్టలు అన్నీ అక్కడే సిద్ధం చేసుకున్నాకే మనిషిని తీసుకురండి. తడి ఒంటితో వాళ్ళను కూర్చోబెట్టి టవల్ కోసం పరుగెత్తితే, తిరిగొచ్చేసరికి ఆ మనిషి వేరే మనిషి. ఒంటిని ఎప్పుడూ ఒక పెద్ద టవల్‌తో కప్పి ఉంచి, కడిగే భాగాన్ని మాత్రమే తెరవండి. నీళ్ళు పాదాల దగ్గర మొదలుపెట్టండి. మొహం, తల చివరికి ఉంచండి, తలస్నానం ఇంకో రోజుకు పెట్టుకున్నా తప్పు లేదు. వాళ్ళ చేతికి ఒక గుడ్డ ఇచ్చి "ఇది పట్టుకోండి, ఇక్కడ మీరు తుడుచుకోండి" అనండి. పనిలో ఉన్న చెయ్యి కొట్టడం తక్కువ, పైగా తమ పని తాము చేసుకున్న తృప్తీ ఉంటుంది.

షవర్ అంటే వణికిపోయేవాళ్ళకు మంచం మీదే టవల్ స్నానం చేయించవచ్చు. కడిగేయనక్కర్లేని సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పెద్ద టవల్ తడిపి, పిండి, ఒంటి మీద కప్పి, దాని మీద నుంచే మెల్లగా రుద్దుతారు. ఒళ్ళు బయటపడదు, చలి వేయదు. 2004లో వెలువడిన ఒక నర్సింగ్ హోమ్‌ల పరిశోధనలో మనిషి ఇష్టాన్ని బట్టి చేయించిన షవర్‌తోనూ, ఈ టవల్ స్నానంతోనూ కొట్టడం, పెనుగులాడడం, బాధపడడం తగ్గినట్టు తేలింది. ఎక్కువ సమయం పడుతుందనే మాట నేనూ అన్నాను. పెనుగులాటకు పట్టే సమయాన్ని కూడా లెక్కేస్తే ఆ మాట నిలబడదు.

"వద్దు" అన్నప్పుడు ఆగండి. చెయ్యి అడ్డం పెట్టడం, మొహం తిప్పుకోవడం, పిడికిలి బిగించడం కూడా వద్దనడమే. పావుగంట ఆగి మళ్ళీ వెళ్ళండి, లేదా ఇంకొకరిని పంపండి. ఈ రోజు స్నానం కాకపోతే కొంపేమీ మునగదు.

నొప్పి, ఉన్నట్టుండి వచ్చే మార్పు

2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన నార్వే పరిశోధన ఒకటి మనలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. 18 నర్సింగ్ హోమ్‌లలో డిమెన్షియాతో పాటు అలజడి, కోపం ఉన్న 352 మందిని తీసుకుని, కొందరికి ఎనిమిది వారాల పాటు నొప్పికి క్రమపద్ధతిలో మందు ఇచ్చారు. వాళ్ళలో ఆ అలజడి బాగా తగ్గింది. నొప్పి చెప్పలేనివాళ్ళ కోసం పెయినాడ్ అనే స్కేలు ఉంది. ఊపిరి తీరు, మూలుగు, మొహంలో భావం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట పొందుతున్నారా అనే ఐదు విషయాలకు 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 10. నర్సు దగ్గర నేర్చుకోండి, కష్టం కాదు. కదిలిస్తే నొప్పి ఉండేవాళ్ళకు స్నానానికి ఎంత ముందు మాత్ర ఇవ్వాలో డాక్టరును అడిగి రాయించుకోండి.

నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో తిరగబడడం మొదలుపెడితే అది డిలీరియం, అంటే ఒంట్లో వేరే సమస్య వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం కావచ్చు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీళ్ళు తగ్గడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, కొత్త మందు, బయటికి కనపడని దెబ్బ, ఏదైనా కారణం కావచ్చు. "ఈయనకు వయసు మీద పడింది" అని వదిలేయకండి. ఆ పూటే నర్సుకు చెప్పండి. ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం.

డిమెన్షియాలో లూయీ బాడీ అనే రకం ఉన్నవాళ్ళ సంగతి వేరు. లేని మనుషులు కనిపిస్తుంటారు. నిద్రలో కలకు తగ్గట్టు చేతులు కాళ్ళు విసురుతారు. రాత్రి షిఫ్ట్‌లో వాళ్ళను తట్టి లేపకండి, మంచానికి దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి. అలజడిని అణచడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు వీళ్ళకు తీవ్రమైన హాని చేయగలవు. అర్ధరాత్రి కొత్త డాక్టరు ఎవరైనా ఇంజెక్షన్ రాస్తుంటే, జబ్బు పేరు ముందుగా చెప్పాల్సింది అక్కడున్న మీరే. అసలు ఈ రకం మందులతో డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ కొత్త తరం వాటి విషయంలో 2005లో, హాలోపెరిడాల్ లాంటి పాతవాటి విషయంలో 2008లో హెచ్చరించింది. చేతులు కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం కూడా పరిష్కారం కాదు. భయం రెట్టింపవుతుంది, గాయాలూ అవుతాయి.

సాయంత్రాలు

పొద్దు వాలే వేళ చాలామందికి కంగారు ఎక్కువవుతుంది. చీకటి పడకముందే లైట్లు వేయండి. కిటికీ పరదాలు మూయండి, అద్దంలో తమ నీడే ఎవరో దొంగలా కనిపిస్తుంది. సరిగ్గా అదే వేళకు మన షిఫ్ట్ మారుతుంది. సంచులు భుజాన వేసుకుని, "వెళ్ళొస్తా" అనుకుంటూ వాళ్ళ ముందు నుంచే వెళతాం. అది చూసి వాళ్ళూ ఇంటికి బయలుదేరతారు, తలుపు దగ్గర ఆపితే గొడవ. సంచులు వాళ్ళ కంట పడని దారిలో తీసుకెళ్ళండి. బయలుదేరినవాళ్ళకు తలుపు దగ్గర అడ్డం నిలబడే బదులు పక్కన నడుస్తూ ఇంటి గురించి అడగండి, కొంత దూరం నడిచాక దారి మళ్ళించవచ్చు.

చెయ్యి లేచినప్పుడు

వెనక్కి తగ్గండి. వాదించకండి, అరవకండి, "ఎందుకు కొడుతున్నారు?" అని నిలదీయకండి. చేతులు కనబడేలా కిందికి ఉంచి, దారి వదిలి, సాయానికి పిలవండి. చేతికర్ర, వేడి కప్పు, కత్తెర అందుబాటులో ఉంటే ముందు దూరం జరగండి, లాక్కోవడానికి వెళ్ళకండి.

మణికట్టు పట్టుకుంటే గుంజకండి. ఒక్క క్షణం వదులుగా ఉంచి, వాళ్ళ బొటనవేలు, వేళ్ళు కలిసే సందు వైపు మెల్లగా తిప్పి తీయండి. జుట్టు పట్టుకుంటే వాళ్ళ పిడికిలిని మీ చేతులతో తలకు అదిమిపెట్టి, దూరంగా పోకుండా దగ్గరకు జరగండి, అప్పుడు కుదుళ్ళు లాగవు. కొరికితే చెయ్యి వెనక్కి పీకకండి, చర్మం చీలిపోతుంది. కదలకుండా ఉండి, సాయానికి పిలవండి. ఇవి చదివితే రావు. శిక్షణ ఇచ్చేవారి ముందు, తోటివారితో చేసి నేర్చుకోవాలి. ఆ శిక్షణ ఇవ్వమని యాజమాన్యాన్ని అడగండి.

వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటుంటే మధ్యలోకి దూరకండి. తేలిగ్గా మాట వినేవాళ్ళను పేరు పెట్టి పిలిచి పక్కకు తీసుకురండి.

అన్నీ తెలిసి కూడా బూతులు తిట్టేవాళ్ళు, పుట్టుకను ఎత్తి అవమానించేవాళ్ళు, కావాలని ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ళు కూడా కొందరుంటారు. వాళ్ళకు జబ్బు అనే సాకు లేదు. "నన్ను అలా ముట్టుకోకండి" అని ఒక్క మాట స్పష్టంగా చెప్పి బయటకు రండి. మళ్ళీ ఒంటరిగా ఆ గదికి వెళ్ళవద్దు, ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పండి.

ఆ తర్వాత

కొరికిన చోట చర్మం తెగితే వెంటనే సబ్బుతో, పారే నీటితో బాగా కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి. మనిషి కాటుకు, ముఖ్యంగా చేతి మీద, చీము పట్టడం ఎక్కువ. టెటనస్, హెపటైటిస్ బీ సంగతి కూడా అడగండి. తలకు దెబ్బ తగిలితే "ఏం కాలేదు" అని డ్యూటీ కొనసాగించకండి.

చిన్న గీత పడినా రిజిస్టర్‌లో రాయండి. "దురుసుగా ప్రవర్తించారు" అని రాస్తే తర్వాత వచ్చేవాళ్ళకు ఏమీ తెలియదు. "ఉదయం 6:20. నిద్రలో ఉండగా లైటు వేసి, ఎడమ వైపునుంచి దుప్పటి తీశాం. అరిచి, ఎడమ చేతితో కొట్టారు. బయటకు వచ్చేశాం. 7 గంటలకు వెళ్తే తనే లేచి కూర్చుని ఉన్నారు, డైపర్ మార్చనిచ్చారు" అని రాయండి. ఇలాంటివి నాలుగైదు జమ అయ్యేసరికి కారణం కాగితం మీద కనబడుతుంది.

దెబ్బ తిన్నాక చేతులు వణుకుతాయి, కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. ఆ కోపంతో అదే మనిషి దగ్గరకు వెంటనే వెళ్ళవద్దు, తోటివాళ్ళతో గది మార్చుకోండి. దెబ్బలు ఈ ఉద్యోగంలో భాగమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పని స్థలంలో హింసకు వ్యతిరేకంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒడంబడిక మూడో వ్యక్తుల వల్ల జరిగే హింసను కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. మన పనిలో ఆ మూడో వ్యక్తి మనం చూసుకునే మనిషే. ఆయన్ని తప్పుపట్టకుండానే, ఇద్దరు మనుషుల పనికి ఒక్కరిని పంపినవాళ్ళను అడగవచ్చు.

డ్యూటీ దిగేముందు తర్వాతి షిఫ్ట్‌వాళ్ళకు మీరు కనుక్కున్నది ఒకటైనా చెప్పి వెళ్ళండి: "ఆయనకు కుడి భుజం నొప్పి. చొక్కా ఆ చేతికే ముందు తొడగండి."