అందరూ సరే అంటున్నప్పుడు మనం కాదు అని చెప్పేదెట్ల

తిరుపతి బైరాగిపట్టెడలో రూము తీసుకుని చదువుకునే పిల్లోళ్ల కోసం ఇది రాస్తున్నా. రూమ్మేట్లంతా ఫలానా కోచింగ్‌లో చేరదాం అంటారు, అంత ఫీజు ఇంట్లో కట్టలేరని మనకి తెలుసు, అయినా నోట్లోంచి "సరే మామా" అనే వస్తాది. ఇది చేతకానితనం కాదు, వేరు చేసేస్తారేమో అనే భయం ఎవరికైనా ఉంటాది.

1950ల్లో అమెరికాలో సాలమన్ యాష్ అనే సైకాలజిస్టు దీన్ని పరీక్ష పెట్టి చూశాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడిట్లో దానంత పొడుగుండేది ఏదో చెప్పమన్నాడు, అంతే. కానీ కూర్చున్నోళ్లలో ఒక్కడు తప్ప అందరూ ఆయన మనుషులే, కావాలనే తప్పు చెప్తా వచ్చినారు. కరెక్ట్ గీత కళ్లకి కనిపిస్తానే ఉన్నా, అట్ల ఏమీ తెలీకుండా పరీక్షకి కూర్చున్నోళ్లలో నూటికి 75 మంది దాకా ఒక్కసారన్నా గుంపు చెప్పిందే చెప్పేసినారు. మనకి పనికొచ్చేది ఏందంటే, ఇంకొక్కడు కరెక్టుగా చెప్తే చాలు, ఆ తప్పులు బాగా తగ్గిపోయినాయి. నోటితో కాకుండా కాగితం మీద రాయమన్నా తగ్గినాయి.

అందుకే ముందు మిమ్మల్ని మీరు అడుక్కోండి, నాకు తెలీక ఒప్పుకుంటున్నానా, వాళ్లేమనుకుంటారో అని ఒప్పుకుంటున్నానా. అలిపిరి దగ్గర కొత్తోడు జనం వెనకాల పోతే తప్పేముంది, దారి వాళ్లకి తెలుసు. ఫీజు సంగతి అట్ల కాదు, మీ ఇంటి లెక్క వాళ్లకి తెలీదు.

మాట్లాడుకునే ముందే ఎంత కట్టగలరో ఫోన్‌లో రాసిపెట్టుకోండి. తర్వాత తోడు వెతకండి, ఇదే అసలు పని. డబ్బుల మాట రాగానే తల దించి ఫోన్ చూసుకుంటా "మీ ఇష్టం మామా" అనేవాడు ప్రతి రూములో ఒకడుంటాడు, ముందురోజే వాడితో టీ తాగతా మాట్లాడండి.

చెప్పేటప్పుడు చిన్నగా చెప్పండి, "నేను చేరలేను రా, ఫీజు కుదరదు, నోట్సు మాత్రం కలిసి చదువుకుందాం." కారణాలు పెంచితే ప్రతిదానికీ ఒక జవాబు రెడీగా ఉంటాది, ఈఎంఐ పెట్టుకో, మామని అడుగు అని. వాళ్ల కోచింగ్ దండగ అని మాత్రం అనొద్దు, అక్కడే గొడవలు మొదలయ్యేది.

రూములో పెద్ద మీరే అయితే మీ మాట చివర్లో చెప్పండి. ఇంకా మంచిది, అందరికీ ఒకే రకం చీటీలు ఇచ్చి, పేర్లు లేకుండా ఎంత కట్టగలరో రాయించి, మడిచి హెల్మెట్‌లో వేయించండి, అందులో అన్నిటికన్నా తక్కువ అంకె ఏదుంటే దాన్నించి లెక్క మొదలుపెట్టండి.