ప్లాట్ల సైటు మీద ‘నాట్ సెక్యూర్’: లక్షణం, కారణం, పరిష్కారం

రియల్ ఎస్టేట్ ఏజెంటు తన సైటుకు ఎస్‌ఎస్‌ఎల్ (సైటుకూ చూసేవారికీ మధ్య వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా చేసే ఏర్పాటు, దీనికి ఒక డిజిటల్ సర్టిఫికెట్ కావాలి) పెట్టుకోవాలా అంటే, పెట్టుకోవాలి. ఇందులో పెద్దగా చర్చ లేదు, చాలా హోస్టింగ్‌లలో పైసా ఖర్చు కూడా లేదు. అసలు తిప్పలు పెట్టుకున్న తర్వాత మొదలవుతాయి. ఫొటోలు మాయమవుతాయి, పేజీ తెరుచుకోదు, ఉన్నట్టుండి ఒక ఆదివారం సైటంతా హెచ్చరిక తెరగా మారుతుంది. ‘ఇదంతా మనకెందుకు, తీసేయండి’ అనే మాట అప్పుడే వస్తుంది. హైదరాబాద్, విజయవాడ చుట్టుపక్కల ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే చిన్న ఏజెంట్ల సైట్లలో తరచూ కనిపించే ఇబ్బందులు ఇవి. ఇలాంటి సైట్లు ఎక్కువగా వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్మాణ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి కాబట్టి ఉదాహరణలూ అక్కడివే.

సైటు తెరిస్తే ‘నాట్ సెక్యూర్’ అని వస్తోంది

కారణం: సైటు ఇంకా రక్షణ లేని హెచ్‌టీటీపీ మీదే నడుస్తోంది, ఎస్‌ఎస్‌ఎల్ తోడైన హెచ్‌టీటీపీఎస్‌కు మారలేదు. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి ప్రతి హెచ్‌టీటీపీ సైటు చిరునామా పక్కన ఈ మాట పడుతోంది. అది ఊరికే బెదిరింపు కాదు. ఫారంలో నింపిన పేరు, ఫోన్ నంబరు, బడ్జెట్ దారిలో ఎవరైనా చదవగలిగేలా వెళ్తాయి. హోటల్ వైఫై మీదో ఎయిర్‌పోర్టు వైఫై మీదో మధ్యలో కాపు వేసినవాడు వాటిని చదవడమే కాదు, పేజీనీ మార్చగలడు. మీ ఫోన్ నంబరు తీసేసి తన నంబరు పెట్టగలడు. స్థలాల వ్యాపారంలో పేజీ మీది నంబరు మారితే బయానా ఎవరి ఖాతాలో పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

‘మా లీడ్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి, సైటు ఎవరు చూస్తారు’ అనే ఏజెంట్లు చాలామంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి షాద్‌నగర్ వైపు ప్లాటు కోసం చూస్తున్న కుటుంబం మీ ఆఫీసు గుమ్మం తొక్కదు. వాట్సాప్‌లో మాట్లాడాక, డబ్బు పంపే ముందు, మీ పేరు గూగుల్‌లో కొట్టి చూస్తుంది. అక్కడ ‘నాట్ సెక్యూర్’ కనిపిస్తే మీకు ఫోన్ చేసి కారణం అడగరు. మరో ఏజెంటును చూసుకుంటారు.

పరిష్కారం: హోస్టింగ్ ప్యానెల్‌లోకి (సైటు ఉన్న సర్వర్‌ను నడిపించే పేజీ) వెళ్లండి. సీప్యానెల్ ఉంటే ఆటోఎస్‌ఎస్‌ఎల్ అనే సదుపాయం సాధారణంగా ఉంటుంది. లేకపోతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్ ఇచ్చే మీట ఉంటుంది. రెండూ ఉచితమే. సర్టిఫికెట్ వచ్చాక పాత హెచ్‌టీటీపీ చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే శాశ్వత రీడైరెక్ట్ పెట్టాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. సర్టిఫికెట్ ఉంటుంది, పాత తలుపూ తెరిచే ఉంటుంది. పరీక్షించడానికి నాలుగు చిరునామాలు విడివిడిగా కొట్టండి: హెచ్‌టీటీపీతో, హెచ్‌టీటీపీఎస్‌తో, ఒక్కోటి ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెట్టి, పెట్టకుండా. నాలుగూ ఒకే హెచ్‌టీటీపీఎస్ చిరునామాకు చేరాలి. రీడైరెక్ట్ సరిగా ఉంటే బ్రోచర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చయిన పాత క్యూఆర్ కోడ్లు కూడా పనిచేస్తాయి. మళ్లీ అచ్చు వేయించనక్కర్లేదు.

డబ్బు మాట. ఏటా వేల రూపాయలు తీసుకుని ఎస్‌ఎస్‌ఎల్ అమ్మేవారు ఇంకా ఉన్నారు. ఉచిత సర్టిఫికెట్‌లోనూ సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా మార్చే (ఎన్‌క్రిప్షన్) బలం అంతే ఉంటుంది. కంపెనీ పేరును పరిశీలించి ఇచ్చే ఖరీదైన రకాలు ఉన్న మాట నిజమే. కానీ ఆ పేరును అడ్రస్ బార్‌లో చూపించడం క్రోమ్ 2019లోనే మానేసింది, కాబట్టి కొనేవారికి తేడా కనబడదు. చిన్న ఏజెంటుకు ఆ ఖర్చు దండగ. ‘ఎస్‌ఎస్‌ఎల్ పెడితే గూగుల్‌లో మొదటి పేజీకి వస్తారు’ అనే మాటా అలాంటిదే. హెచ్‌టీటీపీఎస్‌ను ర్యాంకింగ్‌లో లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ 2014 ఆగస్టులో చెప్పింది, అయితే దాని బరువు చాలా తక్కువని అప్పుడే స్పష్టం చేసింది.

సర్టిఫికెట్ పెట్టాం, లేఅవుట్ ఫొటోలు, వీడియో టూర్ మాయమయ్యాయి

ముందుగా ఒక మాట: క్రోమ్‌లో తాళం గుర్తు కోసం వెతకకండి. 2023 సెప్టెంబరు నుంచి దాని బదులు రెండు చిన్న గీతల సెట్టింగుల గుర్తు వస్తోంది. దాన్ని నొక్కితే కనెక్షన్ సంగతి తెలుస్తుంది.

ఇక కారణం. పేజీ హెచ్‌టీటీపీఎస్‌లోకి వచ్చింది, లోపలి సామాను పాత చిరునామాలోనే ఉండిపోయింది. రెండేళ్ల కిందట ఎక్కించిన లేఅవుట్ ప్లాను లింకు డేటాబేస్‌లో ఇంకా హెచ్‌టీటీపీ అనే ఉంటుంది. ఫొటోలను క్రోమ్ తనంతట తానే హెచ్‌టీటీపీఎస్‌లో అడిగి చూస్తుంది. అవతలి సర్వర్ ఇవ్వలేకపోతే ఖాళీ చోటు మిగులుతుంది. పేజీలో పొదిగిన టూర్ల వంటివాటిని, స్క్రిప్టులను పూర్తిగా ఆపేస్తుంది. బిల్డర్ తన పాత సర్వర్‌లో పెట్టి ఇచ్చిన 360 డిగ్రీల ఫ్లాట్ టూర్ తెల్లటి డబ్బాగా కనబడేది అందుకే.

ఏది అడ్డుపడుతోందో ఊహించనక్కర్లేదు. కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి ఎఫ్12 నొక్కి, కన్సోల్ అనే భాగం చూడండి. ‘మిక్స్‌డ్ కంటెంట్’ అని మొదలయ్యే ప్రతి వరుసలో తప్పు లింకు పూర్తిగా రాసి ఉంటుంది.

సరిచేయడానికి వర్డ్‌ప్రెస్ జనరల్ సెట్టింగుల్లోని రెండు చిరునామాలనూ హెచ్‌టీటీపీఎస్‌కు మార్చండి. తర్వాత డేటాబేస్ బ్యాకప్ తీసుకుని, పాత చిరునామాను వెతికి కొత్తది పెట్టే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాం) నడపండి. ఈ పనిని డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి చేతితో చేయొద్దు. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగులను అక్షరాల లెక్కతో సహా దాస్తుంది. ఒక్క ‘ఎస్’ చేరి లెక్క తప్పితే ఆ సెట్టింగు మొత్తం పోతుంది, హోం పేజీ స్లైడరో మెనూనో ఖాళీ అవుతుంది. ఎలిమెంటర్ అనే పేజీ తయారీ ప్లగిన్‌తో కట్టిన పేజీలకు దాని టూల్స్‌లోనే చిరునామా మార్చే సదుపాయం ఉంది, అదీ వాడండి. బిల్డర్ సర్వర్‌లో హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఆ ఫైళ్లు అడిగి తీసుకుని మీ సైటులోనే పెట్టుకోండి.

‘దగ్గర్లోని ప్లాట్లు చూపించు’ మీట నొక్కినా మ్యాపు కదలడం లేదంటే, హెచ్‌టీటీపీ పేజీలకు లొకేషన్ ఇవ్వడం క్రోమ్ 2016లోనే ఆపేసింది. పేజీ పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కు మారితే అదీ సర్దుకుంటుంది.

పేజీ తెరుచుకోకుండా తిరుగుతూనే ఉంది

రీడైరెక్టులు ఎక్కువయ్యాయని బ్రౌజర్ చెబుతోందంటే చాలాసార్లు మధ్యలో క్లౌడ్‌ఫ్లేర్ (చూసేవారికీ మీ సర్వర్‌కూ మధ్య నిలిచే సేవ) ఉంటుంది, దాని ఎస్‌ఎస్‌ఎల్ సెట్టింగు ‘ఫ్లెక్సిబుల్’ మీద ఉంటుంది. ఆ పద్ధతిలో క్లౌడ్‌ఫ్లేర్ మీ సర్వర్‌ను హెచ్‌టీటీపీలో పలకరిస్తుంది. మీ సర్వర్ ‘హెచ్‌టీటీపీఎస్‌లో రా’ అని వెనక్కి పంపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ మళ్లీ హెచ్‌టీటీపీలోనే వస్తుంది. సర్వర్ మీద కూడా సర్టిఫికెట్ పెట్టి సెట్టింగును ‘ఫుల్ స్ట్రిక్ట్’కు మార్చండి. ఫ్లెక్సిబుల్‌లో వదిలేస్తే క్లౌడ్‌ఫ్లేర్ నుంచి మీ సర్వర్ వరకు దారి తెరిచే ఉంటుంది, బయటికి మాత్రం అంతా భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ హెచ్చరిక తెర

సర్టిఫికెట్ గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్‌కు మామూలుగా 90 రోజుల ఆయుష్షు. అది దానంతట అదే పునరుద్ధరణ కావాలి. కాలేదంటే మధ్యలో ఏదో మారింది: హోస్టింగ్ మార్చి డీఎన్‌ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే నమోదు) మార్చకపోవడం, లేదా ఏదో భద్రతా ప్లగిన్ పునరుద్ధరణ కోసం చదవాల్సిన ఫైలును అడ్డుకోవడం. గడువు దగ్గరపడుతోందని వచ్చే ఈమెయిళ్లను నమ్ముకున్నవారికి ఇంకో దెబ్బ. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్ నుంచి వాటిని పంపడం మానేసింది. ప్యానెల్‌లో పునరుద్ధరణను ఒకసారి చేతితో నడిపించండి. విఫలమైతే అక్కడే కారణం రాసి ఉంటుంది. సైటు గడువును గమనించి కబురు పంపే ఉచిత సేవ ఒకటి పెట్టుకోండి.

డొమైన్ గడువు వేరు, సర్టిఫికెట్ గడువు వేరు. డొమైన్‌కు డబ్బు కట్టాం కదా అని వాదించే ముందు అడ్రస్‌కు ఎడమవైపు గుర్తు నొక్కి సర్టిఫికెట్ వివరాల్లో చివరి తేదీ చూడండి.

‘మూడేళ్ల ఎస్‌ఎస్‌ఎల్ ఒకేసారి కొనేయండి’ అనే సలహా ఇక చెల్లదు. ఒక సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులు. 2025లో కుదిరిన నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి అది 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. మూడేళ్లకు డబ్బు కట్టినా మధ్యలో మళ్లీ మళ్లీ ఎక్కించక తప్పదు. చేతితో ఎక్కించే పద్ధతికి కాలం చెల్లింది.

డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పెడితేనే తప్పు చూపిస్తోంది

సర్టిఫికెట్‌లో ఒక పేరే ఉంది. రెండు పేర్లతో మళ్లీ తీసుకోండి. ఒక్కో వెంచర్‌కు ఒక్కో ఉప చిరునామా పెట్టుకునే అలవాటుంటే అవీ అందులో చేరాలి.

ఒక్కరికే తప్పు వస్తోంది, మిగతావారికి బాగానే ఉంది

మీ సైటును కదపకండి. వారి ఫోన్‌లో తేదీ సరిగా ఉందో లేదో అడగండి, చాలాసార్లు అక్కడే తేలుతుంది. లేదంటే ఫోన్ బాగా పాతదై ఉండాలి, లేదా వారి ఆఫీసు ఫైర్‌వాల్ మధ్యలో తలదూరుస్తూ ఉండాలి. మొబైల్ డేటాతో తెరవమని చెబితే తేడా తెలిసిపోతుంది.

ఎస్‌ఎస్‌ఎల్ ఉన్నా ఆధార్ కాపీలు బయట తిరుగుతున్నాయి

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే, ఏజెంట్లు అతి తక్కువగా పట్టించుకునేదీ ఇదే. ఎస్‌ఎస్‌ఎల్ కాపాడేది బ్రౌజర్ నుంచి సర్వర్ దాకా ఉన్న దారిని మాత్రమే. చేరాక ఏమవుతుందో దానికి పట్టదు.

బుకింగ్ ఫారంలో ఆధార్, పాన్, పాస్‌పోర్టు స్కాన్లు అడిగే సైట్లున్నాయి. కొన్ని ఫారం ప్లగిన్లు ఆ ఫైళ్లను వర్డ్‌ప్రెస్ అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో, సంవత్సరం, నెల పేర్లతో ఉన్న అరల్లో పెడతాయి. సర్వర్‌లో డైరెక్టరీ లిస్టింగ్ ఆపకపోతే ఆ ఫోల్డర్ చిరునామా కొట్టినవారికి ఫైళ్ల జాబితా మొత్తం కనిపిస్తుంది. లేఅవుట్ ఫొటోల మధ్య ‘ఆధార్ ఫ్రంట్’, ‘ఆధార్ బ్యాక్’ అని పేర్లు. దొంగకు తాళం పగలగొట్టే పని కూడా లేదు.

మీ సైటులో ఆ ఫోల్డర్ ఇప్పుడే తెరిచి చూడండి. జాబితా కనిపిస్తే డైరెక్టరీ లిస్టింగ్ ఆపించండి, పాత స్కాన్లను సర్వర్ నుంచి తీసేయండి. ఆ తర్వాత ఫారం నుంచే ఆ గడులు తొలగించండి. ప్లాటు చూడాలనుకునేవారి దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఏ ప్రాంతం, ఎంత బడ్జెట్ అనేవి చాలు. గుర్తింపు పత్రాల అవసరం అగ్రిమెంటు దగ్గర వస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించక డేటా లీకైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. చిన్న ఏజెంటుకు అంత వేస్తారని కాదు. చేతిలో లేని పత్రం లీకయ్యే వీలే లేదు కదా.

మా సైటులాంటిదే మరొకటి ఉంది, దానికీ ఎస్‌ఎస్‌ఎల్ ఉంది

ఉంటుంది. డొమైన్ చేతిలో ఉన్న ఎవరికైనా ఉచిత సర్టిఫికెట్ వస్తుంది, మోసగాడితో సహా. ఈసీలో (స్థలం లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తాకట్టు లేదని వచ్చినంత మాత్రాన ఆ స్థలం మీద తగాదా లేదని కాదు కదా, ఇదీ అంతే.

ముందు ఆ సైటు స్క్రీన్‌షాట్లు చిరునామాతో సహా దాచుకోండి. డొమైన్ నమోదు చేసిన సంస్థకూ, మోసపు సైట్లపై హెచ్చరించే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌కూ ఫిర్యాదు చేయండి. ఎవరైనా డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. మీ పేరును పోలిన చిరునామాలకు కొత్త సర్టిఫికెట్లు వస్తున్నాయేమో సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగుల్లో (జారీ అయిన సర్టిఫికెట్ల చిట్టాలు) ఎవరైనా వెతకవచ్చు, అవి బహిరంగంగానే ఉంటాయి. మీ సొంత సైటులో మాత్రం ప్రతి పేజీ అడుగున రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు, ప్రతి ప్రాజెక్టు పక్కన దాని రెరా నంబరు వేయండి. దొంగ సైటు ఆ నంబర్లనూ కాపీ కొట్టవచ్చు. అందుకే రెరా సైటుకు లింకు ఇచ్చి, అక్కడున్న పేరు, వివరాలు మీతో సరిపోయాకే డబ్బు పంపమని బుకింగ్ పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి.