మన కారు మనమే చూసుకుందాం - 5వ పాఠం: వాల్వు పీకొద్దు, గాలి తీయండి

పోయిన పాఠంలో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, మార్చడం చెప్పాను. పాతది దించడం, కొత్తది పోయడం వివరంగా రాసి, లోపల ఇరుక్కున్న గాలిని తీసే పనిని ఒక్క వాక్యంలో తేల్చేశాను. అది నా పొరపాటు. చాలామందికి అక్కడే దెబ్బ తగిలింది. అందుకే రేడియేటర్ ఫ్యాను పాఠం వచ్చేసారికి జరుపుతున్నాను.

కందుకూరులో ఒకాయన ఆదివారం ఇంట్లోనే కూలెంట్ మార్చి ఒంగోలు బయల్దేరారు. సింగరాయకొండ దగ్గర హైవే ఎక్కేసరికి టెంపరేచర్ ముల్లు ఎరుపు దాకా పోయింది, కాసేపటికి సగానికి దిగింది, మళ్లీ ఎక్కింది. ముల్లు ఇలా ఎక్కి దిగుతుంటే ముందు గాలినే అనుమానించాలి. అక్కడి మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు (ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని తలుపు) పీకేసి, "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అన్నాడట. ముల్లు నిలబడింది. నెల తర్వాత దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే బండి మరిగిపోయింది.

"ఇది అక్కర్లేదు" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాల్వు వెనక చిక్కుకున్న గాలి, వాల్వు తీయగానే దారి దొరికి బయటపడింది. బండి బాగుపడింది గాలి పోయినందుకు. నింద మాత్రం వాల్వు మీద పడింది.

ఆ వాల్వును చేతిలోకి తీసుకుని చూడండి. మధ్యలో చిన్న ఇత్తడి డబ్బీ, అందులో మైనం. 82 అనో 88 అనో డిగ్రీలు దానిమీదే చెక్కి ఉంటాయి. ఆ వేడికి మైనం కరిగి ఉబ్బి, స్ప్రింగును నొక్కి తలుపు తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్లు (కూలెంటే) బైపాస్ అనే అడ్డదారిలో ఇంజన్‌లోనే తిరుగుతాయి. చాలా కార్లలో పై తలుపు తెరుచుకునేటప్పుడే అడుగున ఉన్న పళ్లెం ఆ బైపాస్‌ను మూసేస్తుంది. వాల్వు లేకపోతే బైపాస్ మూసే దిక్కు ఉండదు. కాగిన నీళ్లలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగి వెళ్తుంది. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియదు, సెకండ్ గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పైగా పొద్దున్నే ఇంజన్ త్వరగా కాగదు, చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

వాల్వు మీద నిజంగా అనుమానముంటే పొయ్యి దగ్గర తేల్చుకోండి. వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి కాగబెట్టండి. నీళ్లు తెర్లినా తలుపు కదలకపోతే అది చచ్చిన వాల్వు, కొత్తది వేయండి. చల్లారినా మూసుకోకపోతే అదీ పనికిరాదు.

ఇక గాలి తీయడం. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే మొదలుపెట్టండి. బండి ముక్కు ఎత్తు మీద ఉండేలా ఆపండి, హీటరు నాబ్ పూర్తి వేడి వైపు తిప్పండి. కూలెంట్ పోసే మూత తీసి, నిండుగా పోసి స్టార్ట్ చేయండి. బుడగలు వస్తుంటాయి, మట్టం దిగుతుంటుంది, పోస్తూ ఉండండి. కొన్ని బండ్లకు గాలి వదిలే స్క్రూ విడిగా ఉంటుంది, దాన్ని కాస్త వదులు చేసి, బుడగలు లేని ధార రాగానే బిగించాలి. పై హోస్ (ఇంజన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే రబ్బరు గొట్టం) వేడెక్కి, బుడగలు ఆగాక మూత పెట్టండి. ఈలోగా నీళ్లు పొంగి పైకి వస్తుంటే వెంటనే ఇంజన్ ఆపండి. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ చూడాలి, నేనైతే మూడు రోజులు చూస్తాను.

ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంటే నేను కొంటాను. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు కలిపితే రేడియేటర్‌లో సున్నం పొర కడుతుంది.

అభ్యాసం: ఏడు రోజులు, పొద్దున్నే స్టార్ట్ చేశాక పై హోస్ చల్లగా ఉండి ఎన్ని నిమిషాలకు ఒక్కసారిగా వేడెక్కుతుందో చేత్తో తాకి రాసుకోండి. ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, వేళ్లు, చున్నీ, చొక్కా చేతులు దూరం. ఏసీ వేసినప్పుడు, వేయనప్పుడు ముల్లు ఎక్కడ నిలుస్తుందో కూడా రాయండి. ఫ్యాను పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.