పాత గార్డెన్ ట్రాక్టర్‌లో బ్లేడ్ క్లచ్ పట్టట్లేదా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

స్విచ్ లాగినా బ్లేడ్లు తిరగట్లేదంటే వెంటనే క్లచ్ (కరెంటు ఇస్తే అయస్కాంతంలా అతుక్కుని ఇంజిన్ శక్తిని బ్లేడ్లకు అందించే భాగం) పోయిందని ఫిక్స్ అయిపోకండి, అది ఖరీదైన పార్టు, తప్పేమో చాలాసార్లు వైరింగ్‌లోనే ఉంటుంది. ముందు ఇంజిన్ ఆపి స్పార్క్ ప్లగ్ వైరు పీకేయండి, ఇందులో మాత్రం బద్ధకం వద్దు. ఫ్యూజ్ చూశారా? బాగుంటే క్లచ్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో రెండు పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి, మామూలుగా 2 నుంచి 4 మధ్యలో రావాలి, ఓపెన్ (అంటే కరెంటు దారి లేనట్టు) చూపిస్తే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, తెగినట్టే, దాదాపు సున్నా వస్తే లోపల షార్ట్.

రీడింగ్ ఓకేనా, అయితే బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ఉన్న వైరుతో నేరుగా 12 వోల్టులు ఇవ్వండి, టక్కుమని అతుక్కుందంటే క్లచ్ బతికే ఉంది, ఇక సీట్ స్విచ్, పీటీఓ స్విచ్ (బ్లేడ్లు తిప్పడానికి మీరు లాగేది), తుప్పు పట్టిన గ్రౌండ్, అంటే బండి ఫ్రేముకు కలిపే నెగటివ్ కనెక్షన్, ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి (పాత బళ్ళలో నా మొదటి అనుమానం ఎప్పుడూ గ్రౌండ్ మీదే). సీట్ స్విచ్‌ని మాత్రం బైపాస్ చేసి వదిలేయకండి, మనిషి కింద పడితే బ్లేడ్లు ఆపేది అదే.

చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టి, కాసేపు గడ్డి కోశాక జారుతోందా? క్లచ్ పలకలు అరిగి వాటి మధ్య గ్యాప్ పెరిగుంటుంది. అడ్జస్ట్ చేసే మూడు నట్లు ఉన్న రకమైతే ఒక్కో నట్టు దగ్గరున్న సందులో ఫీలర్ గేజ్ (సందు ఎంతుందో కొలిచే పలుచని రేకులు) పెట్టి మూడూ సమానంగా వచ్చేలా బిగించండి, చాలావాటికి 0.012 నుంచి 0.018 అంగుళాలు, కానీ మీ మాన్యువల్‌లో ఉన్న అంకే ఫైనల్.