మెట్టుగా మారిన స్టీమ్ పైపు

మా బాయిలర్ వెనక 4 అంగుళాల స్టీమ్ లైన్ మోకాలెత్తులో పోతుంది. అవతలి వాల్వ్ తిప్పాలంటే అందరికీ అదే మెట్టు. ఎక్కవద్దని బోర్డు పెట్టాం. ఆ బోర్డు మీదే చెయ్యి ఆనించి ఎక్కేవాళ్లు!

వానలు తగ్గాక చూస్తే ఒకచోట పైపు మీది అల్యూమినియం రేకు సొట్టపడి, అతుకు నోరు తెరిచి ఉంది. షట్‌డౌన్‌లో విప్పాం. లోపల వేడి పోకుండా చుట్టిన రాక్‌వూల్ (రాతి నార) తడిసిన పరుపులా అణిగిపోయింది, దాని కింద పైపుకి తుప్పు పెచ్చులు లేచాయి. గోకించి, గోడ మందం కొలిపించి, పరవాలేదన్నాకే ముందుకెళ్లాం.

కాలు పడే మీటరున్నర మేర రాక్‌వూల్ బదులు కాల్షియం సిలికేట్ అనే ఇన్సులేషన్ వేశాం. అది గట్టిది, తొక్కితే రాక్‌వూల్‌లా అణగదు. కానీ నీళ్లు మాత్రం బాగా పీలుస్తుంది. అందుకే పైన మందపాటి రేకు చుట్టించి, పొడుగు అతుకును పక్కకు తిప్పి, నోరు కిందికి ఉండేలా చేసి సీలెంట్ పెట్టించాను.

అసలు మందు మాత్రం మెట్లే. పైపుకి తగలకుండా, తన కాళ్లు నేల మీదే ఆనేలా చిన్న ఇనుప వంతెన. స్క్రాప్‌లో దొరికిన గ్రేటింగ్ (ఇనుప జాలీ) ముక్కతో మా వెల్డర్ రెండు రోజుల్లో కట్టేశాడు. ఇప్పుడు టీ గ్లాసులు కూడా దానిమీదే పెడుతున్నారు.